ఉద్యోగ వేషము, మత చిహ్నము

లండను నగరపు హీత్రో విమానాశ్రయములో 2006వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన ఒక ఉద్యోగిని పనికి వచ్చి, జీతము లేకుండ తిరిగి ఇంటికి పంపబడినది. ఆమె పేరు నాదియా ఎవైడా. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అను విమాన సంస్థలో, ప్రయాణికుల టిక్కెట్లను, సామానులను సరిచూచు బల్ల వద్ద 1999 నుండి ఆమె పనిచేయుచుండెను. ఆనాడు ఆమెపై మోపిన తప్పు ఒక్కటే. మెడలోని చిన్న సిలువ యూనిఫారము పైకి కనబడుచున్నది. దానిని దుస్తుల లోపల దాచుకొమ్మనిన ఆమె ఒప్పుకొనలేదు.

ఈ చిన్న సంగతి ఆరేండ్లకు పైగా నలిగి, నాలుగు న్యాయస్థానముల మెట్లెక్కి, తుదకు ఐరోపా ఖండమునకంతకును వర్తించు తీర్పుగా పరిణమించినది. సిలువ ఒకరిది, దేశము మరొకరిది అని మనము ఊరకుండుటకు వీలులేదు. మన ఇండ్ల నుండి ప్రతి ఉదయము కొలువులకు బయలుదేరు వారిని ఒక్కసారి చూడుడు. ఒకరి నుదుట బొట్టు, ఒకరి మెడలో మంగళసూత్రము, కాళ్లకు మట్టెలు, ఒకరి దండకు తాయెత్తు, ఒకరి తలపై టోపీ, ఒకరి మెడలో సిలువ గొలుసు. వీరిలో ఎందరో నేడు ఇంగ్లండు ఆసుపత్రులలోను, అమెరికా కార్యాలయములలోను కూడ పనిచేయుచున్నారు. యజమాని తన పనివారికి దుస్తుల నియమము పెట్టునపుడు ఈ వస్తువుల గతి ఏమి కావలయును? ఏది తీయుమనవచ్చును, ఏది తీయుమనరాదు?

మొదట ఆ విమాన సంస్థ నియమము ఎట్టిదో చూతము. 2004 వరకు ఆ సంస్థలోని స్త్రీల యూనిఫారములో మెడ దాక మూసియుండు రవిక ఉండెడిది. దాని లోపల ఎవరు ఏ గొలుసు వేసికొన్నదియు పరులకు తెలియదు. 2004లో క్రొత్త వేషము వచ్చినది. మెడ వద్ద తెరచియుండి, లోపల వదులుగా కట్టుకొను కంఠవస్త్రము గలది. అంతవరకు లేని తగవు దర్జీ కత్తెరతో పుట్టినదన్నమాట. నియమములో వ్రాసినది ఇది: మతరీత్యా తప్పనిసరిగా ధరింపవలసిన వస్తువు ఉన్నచో అది యూనిఫారము క్రింద దాగియుండవలయును, దాచుటకు వీలుకాని వస్తువైనచో పై అధికారి అనుమతి కావలయును. ఆ లెక్కన సిక్కు పురుషులకు ముదురు నీలము లేక తెలుపు రంగు తలపాగాకు అనుమతి దొరకెను. వేసవిలో పొట్టి చేతుల చొక్కా వేసికొనునపుడు వారి కడియమునకును అనుమతి దొరకెను. ముస్లిం స్త్రీలు సంస్థ రంగులలో తలగుడ్డ కట్టుకొనుటకును అభ్యంతరము లేకపోయెను. తలపాగాను చొక్కా క్రింద దాచలేరు గదా! సిలువను దాచవచ్చును, పైగా సిలువ ధరించి తీరవలయునని క్రైస్తవ మతము విధింపలేదు. కనుక దానికి అనుమతి లేదనిరి.

ఎవైడా కాప్టిక్ క్రైస్తవ సంప్రదాయమునకు చెందినది. తన జీవితములో మొదటి పదునెనిమిది సంవత్సరములు ఆమె ఈజిప్టు దేశమున గడపినది. 2006 మే నెల వరకు సిలువను లోపలనే ఉంచుకొన్నది. ఆ నెల 20వ తేదీన తన విశ్వాసమునకు గుర్తుగా పైకి కనబడునట్లు ధరింప మొదలిడినది. సెప్టెంబరులో పనినుండి పంపివేయబడినది. అక్టోబరులో సంస్థవారు మరియొక పని చూపిరి. అది కార్యాలయములోని వ్రాతపని. ప్రయాణికులు కనబడరు, యూనిఫారము అక్కరలేదు, సిలువ ధరింపవచ్చును. ఆమె వలదనెను. ఇంతలో పత్రికలు ఆ సంగతిని ఎత్తుకొనెను. సంస్థకు నిందలు వచ్చిపడెను. నవంబరులో నియమమును పునఃపరిశీలింతుమనిరి. 2007 ఫిబ్రవరి 1వ తేదీ నుండి సిలువ, యూదుల ఆరు కోణముల నక్షత్రము వంటి చిహ్నములను బాహాటముగా ధరింపవచ్చునని నియమము మార్చిరి. ఫిబ్రవరి 3వ తేదీన ఆమె అదే సిలువతో అదే పనిలో చేరెను. కాని నడుమ పోయిన నెలల జీతము ఈయలేదు. తగవంతయు దాని కొరకు, దాని వెనుకనున్న హక్కు కొరకు సాగినది.

ఇంగ్లండులో ఆమె మూడు చోట్ల ఓడిపోయెను. ఉద్యోగ ట్రిబ్యునలు, దానిపై అప్పీలు ట్రిబ్యునలు, 2010 ఫిబ్రవరి 12వ తేదీన అప్పీలు న్యాయస్థానము, అన్నియు ఆమె వాదమును త్రోసివేసెను. అందుకు కారణము వినదగినది. ఒక నియమము అందరికి సమానముగా కనబడుచునే ఒక మతమువారిని ప్రత్యేకముగా దెబ్బతీసినచో దానిని పరోక్ష వివక్ష అందురు. అట్టి వివక్షను రుజువు చేయుటకు ఒక సమూహము నష్టపడినట్లు చూపవలయును. ఆ సంస్థలో వేలకొలది క్రైస్తవ ఉద్యోగులుండగా, సిలువను పైకి కనబరచి తీరవలెనని పట్టుబట్టినవారు వేరొకరున్నట్లు సాక్ష్యము లేకపోయెను. ఒంటరి మనస్సాక్షికి ఆ చట్టములో చోటు లేదని తేలినది. మతము గుంపుగా ఉన్నప్పుడే దానిని గుర్తించుట నాకు చిత్రముగా తోచును. గుంపుకు బలము తానే కలదు, రక్షణ ఎక్కువగా కావలసినది ఒంటరివానికి గదా.

పిదప ఆమె ఫ్రాన్సు దేశమందలి స్ట్రాస్‌బర్గ్ నగరమున గల ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానమునకు పోయెను. 2013 జనవరి 15వ తేదీన, అయిదుగురు న్యాయమూర్తులు ఒక ప్రక్కను, ఇద్దరు మరియొక ప్రక్కను నిలిచి, ఆమెకు అనుకూలముగా తీర్పు వెలువడినది. సంస్థ తన ముఖచిత్రమును, అనగా ప్రయాణికుల కంటికి ఒకే తీరుగా కనబడవలయునను కోరికను, కాపాడుకొనుట తప్పని న్యాయస్థానము అనలేదు. ఆ కోరిక న్యాయమైనదేయనినది. కాని దానికి ఇంగ్లండు న్యాయస్థానములు లెక్కకు మించిన తూకము వేసినవనినది. సిలువ చిన్నది, ఎవరి కన్నును పొడుచునది కాదు. అంతకుముందే అనుమతించిన తలపాగాల వలన, తలగుడ్డల వలన సంస్థకు నష్టము కలిగినట్లు రుజువు లేదు. అన్నిటికంటె ముఖ్యము, కొలది నెలలకే ఆ నియమమును సంస్థ తానే మార్చుకొనగలిగినది. కావున ఆ నిషేధము అంత ప్రాణప్రదమైనది కాదు. రెండువేల యూరోల పరిహారము, ముప్పదివేల యూరోల ఖర్చులు ఇప్పించిరి. పోయిన జీతము మాత్రము ఇప్పింపలేదు. జీతము గల పనిని సంస్థ చూపినను ఆమె కాదనెననియు, దాతలు పంపిన సొమ్ము నష్టమునకు రెట్టింపును మించెననియు లెక్క చూపిరి.

ఆ తీర్పులో రెండు మాటలు శాశ్వతముగా నిలిచిపోయినవి. పూర్వము ఇట్టి తగవులలో ఒక సులభమైన జవాబు ఉండెడిది: నియమము నచ్చనిచో ఉద్యోగము మానుకొని మరియొకటి చూచుకొనవచ్చును, కావున మతస్వేచ్ఛకు భంగము లేదు, అని. ఆ జవాబు ఇక సరిపోదు. వేరు ఉద్యోగమునకు పోగల అవకాశము తూకములో వేయదగిన ఒక రాయి మాత్రమే అని న్యాయస్థానము చెప్పినది. రెండవది, తాను చేయు పని మతము విధించిన విధియేనని మనిషి నిరూపింపనక్కరలేదు. దానికిని తన విశ్వాసమునకును దగ్గరి సంబంధము ఉన్నచో చాలును.

అదే దినమున, అదే తీర్పులో, సిలువ ధరించిన మరియొక స్త్రీ ఓడిపోయినది. ఈమె పేరు షిర్లీ చాప్లిన్. ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణపు ప్రభుత్వ ఆసుపత్రిలో వృద్ధరోగుల విభాగమున నర్సు. 1989 నుండి అచ్చట పనిచేసినది. 1971లో చర్చిలో దృఢీకరణ సంస్కారము పొందిన నాటి నుండి మెడలో గొలుసుతో సిలువ ధరించుచుండెను. 2007లో ఆసుపత్రివారు నర్సులకు మెడ వద్ద కోసుగా తెరచియుండు క్రొత్త చొక్కాలు ఇచ్చిరి. ఇచ్చటను కథ దర్జీతోనే ఆరంభమైనది చూడుడు! గొలుసు తీయుమని పై అధికారి చెప్పెను. కారణము అందచందముల గూర్చి కాదు. మతి స్థిమితము లేని ముదుసలి రోగి గొలుసును పట్టి లాగినచో అతనికో ఆమెకో గాయము కావచ్చును; వంగినపుడు వ్రేలాడు సిలువ తెరచియున్న పుండునకు తగిలినచో కీడు కలుగవచ్చును. ఆసుపత్రివారు ఉపాయములు కూడ చూపిరి. సిలువను సూదితో చొక్కాకు గుచ్చుకొమ్మనిరి, లేదా మెడ మూసియుండు చొక్కా తొడిగి దాని క్రింద ఉంచుకొమ్మనిరి. ఆమె ఒప్పుకొనలేదు.

ఈ ఆసుపత్రిలో నియమము ఒక్కరికొరకు పెట్టినది కాదు. మరియొక క్రైస్తవ నర్సు గొలుసు తీసివేసినది. ఇద్దరు సిక్కు నర్సులను కడియము, కృపాణము వలదనగా వారును సమ్మతించిరి. ముస్లిం వైద్యురాండ్రు ఇద్దరికి మాత్రము తలకు బిగుతుగా అంటియుండు తలగుడ్డను అనుమతించిరి. వ్రేలాడు కొస లేదు గనుక పట్టి లాగుటకు వీలులేదు. ఏడుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా ఆసుపత్రి పక్షముననే తీర్పు చెప్పిరి. రోగుల క్షేమము, నర్సుల క్షేమము విమాన సంస్థ అందచందముల కంటె ఎంతో బరువైన కారణములు. పైగా ఏ గొలుసు అపాయకరమో తెలిసికొనుటకు న్యాయమూర్తుల కంటె ఆసుపత్రిని నడుపువారే అర్హులు అనిరి.

నా మట్టుకు ఈ రెండవ తీర్పు సరియైనదేయనిపించుచున్నది. అపాయము గొలుసులోను, వ్రేలాడుటలోను ఉన్నది గాని సిలువలో లేదు. సూదితో గుచ్చుకొనుట ఆ రెంటిని విడదీసిన ఉపాయము. ఐనను ఆ తల్లి బాధ అర్థము కానిది కాదు. ముప్పదియెనిమిదేండ్లు మెడను వీడని వస్తువును, ఒక అధికారి కంఠహారమని పేరుపెట్టి తీయుమనిన మనసు ఎట్లుండును? మన యిండ్లలో మంగళసూత్రమును ఎవరైన నగలలో ఒకటిగా లెక్కించినచో కలుగు నొప్పి అట్టిదే. శస్త్రచికిత్స గదిలోనికి పోవునపుడు, యంత్రముల నడుమ పనిచేయునపుడు మన స్త్రీలకును ఈ చిక్కు వచ్చుచునే యున్నది.

ఇంగ్లండుకు ఈ తగవు క్రొత్త కాదు. సిలువకు నలువది ఏండ్లకు ముందు తలపాగా వచ్చినది. మాంచెస్టరు నగరపు బస్సు శాఖ 1959లో ఒక సిక్కును కండక్టరు ఉద్యోగమునకు కాదనినది. టోపీకి బదులు తలపాగా ఉంచుకొందుననుటయే అతని దోషము. అచ్చట తలపాగా నెగ్గుటకు ఏడేండ్లు పట్టి 1966 వచ్చినది. ఉల్వర్‌హాంప్టన్ పట్టణమున కథ ఇంకను వేడెక్కినది. 1967లో తర్సేమ్ సింగ్ సంధూ అను బస్సు డ్రైవరు జబ్బుపడి, కోలుకొని, గడ్డముతోను తలపాగాతోను పనికి వచ్చెను. చేరినపుడు అతనికి గడ్డము లేదు; నియమమును ఎరిగియే చేరెనని శాఖవారు అనిరి. ఇంటికి పంపిరి. ఊరేగింపులు జరిగెను. ఆ పట్టణమునుండి పార్లమెంటుకు ఎన్నికైన ఇనాక్ పవెల్ 1968 ఏప్రిలులో వలసవచ్చినవారికి వ్యతిరేకముగా చేసిన ప్రసిద్ధ ప్రసంగములో ఈ తగవు ప్రస్తావన కూడ కలదు. తుదకు సోహన్ సింగ్ జాలీ అను వృద్ధ నాయకుడు, 1969 ఏప్రిలు 13వ తేదీ, అనగా వైశాఖి పండుగ నాటికి నిషేధము ఎత్తివేయనిచో దేహమునకు నిప్పు పెట్టుకొందునని ప్రకటించెను. నాలుగు దినములు మిగిలియుండగా, 9వ తేదీన, బస్సు సంఘమువారు లొంగిపోయిరి. ఇట్టి బెదిరింపును నేను మెచ్చుకొనను. కాని బస్సు నడుపుటకు టోపీకిని తలపాగాకును భేదమేమియని అడిగినవారికి రెండేండ్లలో ఎవరును జవాబు చెప్పలేదనుట కూడ నిజమే.

తలపాగా నెగ్గిన పిదప బ్రిటిషు పార్లమెంటు చట్టములలోనే దానికి చోటు కల్పించినది. 1976లో మోటారు సైకిలుపై ఇనుప టోపీ నుండి, 1989లో భవన నిర్మాణ స్థలములలో గట్టి టోపీ నుండి తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు కలిగినది. 2015లో ఈ రెండవ మినహాయింపును చాలవరకు తక్కిన పనిచోట్లకును విస్తరింపజేసిరి. చాప్లిన్ తీర్పుతో పోల్చి చూచినచో ఇందలి తర్కము కొంచెము భిన్నము. తలకు తగులు దెబ్బ ధరించినవానికే గాని రోగికి కాదు. తన అపాయమును తాను ఎన్నుకొనువానిని చట్టము కొంత వదలిపెట్టినది.

ఐరోపా ఖండములో మరియొక న్యాయస్థానము, లక్సెంబర్గులోనిది, కొంత వేరు త్రోవ పట్టినది. బెల్జియములో ఒక ప్రైవేటు సంస్థ స్వాగతపు బల్ల వద్ద పనిచేయు ముస్లిం స్త్రీ 2006లో తలగుడ్డ కట్టుకొని వచ్చుటచే ఉద్యోగము పోగొట్టుకొన్నది. అచ్చటి నియమము ఏ ఒక్క మతమునకు కాదు, రాజకీయ, తాత్త్విక, మత చిహ్నములన్నిటికి వర్తించునది. 2017 మార్చి 14వ తేదీన, వచ్చిపోవువారికి తటస్థముగా కనబడవలయునను కోరిక యజమానికి ఉండవచ్చుననియు, నియమము నిజముగా అందరికిని ఒకే రీతిగా అమలు జరుగవలయుననియు, వీలైనచో ఆమెకు లోపలి పని చూపి యుండవలసినదనియు ఆ న్యాయస్థానము చెప్పినది. అదే దినమున మరియొక తీర్పులో, ఖాతాదారునికి తలగుడ్డ గిట్టలేదన్నంత మాత్రమున ఉద్యోగినిని తొలగించుటకు అది కారణము కానేరదనినది. 2021లో మరి కొంత బిగించి, తటస్థత నిజముగా అవసరమని యజమాని చూపవలయుననియు, పెద్ద చిహ్నములను మాత్రమే నిషేధించు నియమము తలగుడ్డ వంటి వానిపై నేరుగా వివక్ష కావచ్చుననియు వివరించినది.

మనవారు వేలకు వేలుగా నివసించు అమెరికాలో చట్టపు భారము యజమానిపై ఎక్కువ. 1964 నాటి పౌరహక్కుల చట్టము, ఉద్యోగి మతాచారమునకు వీలైనంత సర్దుబాటు చేయుమని యజమానిని ఆదేశించుచున్నది. ఒక బట్టల దుకాణము, నల్లని తలగుడ్డతో వచ్చిన యువతికి, తన అమ్మకపువారు టోపీలు పెట్టరాదను నియమమును బట్టి, ఉద్యోగము ఈయకపోయెను. అది మతరీత్యా కట్టినదని ఆమె నోటితో చెప్పలేదు గదా యని దుకాణమువారు వాదించిరి. వారికి ఆ సంగతి తట్టి, దానిని తప్పించుకొనుటకే ఉద్యోగము నిరాకరించినచో చాలును, అది చట్టవిరుద్ధమేయని 2015 జూన్ 1వ తేదీన అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సర్దుబాటు చేయుటచే వ్యాపారమునకు గణనీయమైన అదనపు భారము పడునని చూపిననే గాని యజమాని తప్పించుకొనలేడని అదే కోర్టు 2023లో స్పష్టము చేసినది.

విధియా, ఇష్టమా అను ప్రశ్న మాత్రము అన్ని దేశములలోను వెంటాడుచునే యున్నది. దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమున, దక్షిణ భారత సంతతికి చెందిన ఒక బాలిక ముక్కుపుడకతో బడికి వచ్చినది. బడిలో నగలు కూడవు. అచ్చట రాజ్యాంగ న్యాయస్థానము 2007 అక్టోబరులో ఆ బాలిక పక్షమున తీర్పు చెప్పినది. ముక్కుపుడక శాస్త్రవిధి కాకపోవచ్చును, కులాచారము కావచ్చును. ఇష్టపూర్వకముగా పాటించు ఆచారమును కూడ రాజ్యాంగము కాపాడుననిరి. అది బడి సంగతియే యైనను, దుస్తుల నియమము ఉన్న ప్రతిచోటికి పనికివచ్చు ఆలోచన.

మన దేశమున సుప్రీంకోర్టు నడచిన త్రోవ వేరు. రాజ్యాంగపు 25వ అధికరణము మతస్వేచ్ఛను ఇచ్చి, కృపాణము ధరించుట సిక్కు మతాచరణలోని భాగమేయని వివరణ కూడ చేర్చినది. కాని వాయుసేనలో ఒక ముస్లిం కార్పొరలు గడ్డము పెంచుకొనుటకు అనుమతి కోరగా నిరాకరించి, వినకపోవుటచే 2008లో తొలగించిరి. వాయుసేన నియమములలో, జుట్టు కత్తిరించుటను గాని గడ్డము గీయుటను గాని నిషేధించు మతమువారికి మినహాయింపు కలదు. ఇస్లాము గడ్డము గీయుటను నిషేధించునాయని న్యాయమూర్తులు అతని న్యాయవాదిని అడిగిరి. భిన్న వ్యాఖ్యానములున్నవి, ఉంచుకొనుట అభిలషణీయమని ఒక వ్యాఖ్యానమని అతడు జవాబిచ్చెను. 2016 డిసెంబరు 15వ తేదీన తొలగింపు చెల్లుననిరి. ఆ ధర్మాసనమందలి ముగ్గురిలో మన గుంటూరు ప్రాంతమువాడైన జస్టిస్ లావు నాగేశ్వరరావు ఒకరు. సైన్యమునకు ఒకే రూపు, ఒకే క్రమశిక్షణ కావలయునన్నది తీర్పులోని మూలము. సైన్యమునకు సరిపోయిన ఆ మాటను బ్యాంకునకో బట్టల కొట్టునకో అట్లే అతికించుట మాత్రము కూడదు. మరియొక సంగతి: 25వ అధికరణము ప్రభుత్వమును బంధించునే గాని ప్రైవేటు యజమానిని నేరుగా బంధింపదు. ప్రైవేటు కొలువులో బొట్టో టోపీయో అడ్డు వచ్చినచో, ఇంగ్లండు అమెరికాలలో వలె పట్టుకొనదగిన పలుపు ఉద్యోగి చేతిలో లేదు.

మన ఊళ్లలో ఈ చిక్కు ప్రతి కార్తిక మాసమునను ఎదురగునది అయ్యప్ప దీక్ష రూపమున. మండలము, అనగా నలువదియొక్క దినములు నల్లని బట్టలు, మెడలో మాల, గీయని గడ్డము, చెప్పులు లేని కాళ్లు. పోలీసు వంటి యూనిఫారపు కొలువులలో సెలవు పెట్టి దీక్ష పట్టుమనుట మనము వినుచున్నదే. తక్కిన చోట్ల ఒక్కొక్క వస్తువును విడదీసి చూచుట మంచిది. గుమాస్తా నల్లచొక్కా వలన కార్యాలయమునకు వచ్చు నష్టమేమియో చెప్పుట కష్టము. అది ఎవైడా సిలువ వంటిది. ఇనుప తునకలు రాలు కార్ఖానాలో వట్టి కాళ్లు చాప్లిన్ గొలుసు వంటివి. మాల చొక్కా లోపల ఉన్నచో యంత్రమునకు చిక్కదు. బూట్లు అక్కరలేని పని నలువదియొక్క దినములకు చూపగల యజమాని చూపవచ్చును. ఐతే చాప్లిన్ అనుభవమును ఇచ్చట తలచుకొనవలయును. 2009 నవంబరులో ఆమెను నర్సు పని నుండి వేరొక తాత్కాలికపు పనికి మార్చిరి. 2010 జూలైలో ఆ పనియే లేకుండ పోయినది. కనుక మార్చి ఇచ్చిన పని ఎన్నాళ్లుండునో, పాత పనికి ఎన్నడు తిరిగి రావచ్చునో, మొదటి దినముననే కాగితముపై వ్రాయించుకొనుట ఉద్యోగికి మేలు.